వానకారున సైకిలు యాత్ర

బౌద్ధ భిక్షువులకు వర్షావాసమును, సన్న్యాసులకు చాతుర్మాస్యమును విధించిన పెద్దలు వానల నెలలలో ఒకచోట కదలక యుండుమనిరి. అందుకు వ్రతనిష్ఠ యొక్కటే కారణము కాదు. నాడు నడువదగిన బాటలు తక్కువ, ఏరులపై వంతెనలు అంతకంటె తక్కువ. నేడు రెండును ఉన్నవి గదా యని తలచువాడు జూలై మాసమున ఒకసారి తిఫ్రా నుండి రతన్‌పూర్‌కు సైకిలుపై పోయి చూడవలెను.

తిఫ్రా బిలాస్‌పూర్‌ను ఆనుకొని రాయపూర్ మార్గమున నున్న కర్మాగారముల పేట. 2019లో నగరపాలక సంస్థలో కలిసినది. బిలాస్‌పూర్ రైలు పట్టణము. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కాలము నుండి ఉత్తరాంధ్రమువారు పనులకై ఇచ్చటికి వచ్చి నిలిచిపోయినారు. ఇట్టి ఊరిలో సైకిలు విలాసవస్తువు కాదు. తెల్లవారుజాము షిఫ్టునకు పోవువాడు వాన వెలియువరకు ఆగలేడు. యాత్రికుడు కోరి తడియును. అతని ప్రక్కన పోవువాడు తప్పక తడియును. అయినను తడియు విద్యను నేర్పగలవాడు ఆ రెండవవాడే.

ఇనుప రిమ్ములు, కడ్డీ బ్రేకులు గల నల్లని సైకిలు ఎండలో ఎంత నమ్మకమైనదో వానలో అంత మోసకారి. తడిసిన రిమ్మును రబ్బరు ముక్క పట్టదు. కావున పల్లము రాకముందే బ్రేకును మెల్లగా అదిమి, రిమ్మునకంటిన నీరు తుడుచుకొనిపోయిన పిదపనే గట్టిగా పట్టవలెను. రైలుపట్టాలను ఏటవాలుగా దాటరాదు. ముందు చక్రము పట్టాకు సరిగా అడ్డముగా పోవలెను. ఒకసారి పడినవానికి ఈ సూత్రమును మరల చెప్పనక్కరలేదు.

ఊరు దాటిన పిదప గురువు మారును. ఇక నేర్పునది నేల. ఛత్తీస్‌గఢ్ రైతులు నేలలను కన్హార్, డోర్సా, మటాసీ, భాటా యని విభజింతురు. కన్హార్ నల్లరేగడి. తారుబాట విడిచి పొలముదారి పట్టినంతనే ఆ మట్టి చక్రమునకును మడ్‌గార్డునకును నడుమ చేరి బిగియును. చక్రము తిరుగదు. అంతవరకు తన్ను మోసిన సైకిలును యాత్రికుడు భుజమున మోయవలసివచ్చును. భాటా ఎఱ్ఱని గులకనేల; నీటిని నిలువనీయదు. పంట పండదని రైతు నిందించు ఆ నేలయే సైకిలువానికి రాచబాట. ఏ గ్రంథమును చెప్పని ఈ భేదమును పిక్కలు ఒక్క పూటలో గ్రహించును. ఇరువైపుల మడులలో బియాసీ జరుగుచుండును: వెదజల్లిన వరి కొంత ఎదిగి, మడిలో నీరు నిలిచిన తరువాత, ఆ పైరులోనే నాగలి పోనిత్తురు. నాట్లు మాత్రమే ఎరిగిన తెలుగువాని కన్నులకు మొదట అది పంటను పాడుచేయుటవలె తోచును.

వానతో వ్యవహరించుటలో జపానువారి తీరు వేరు. ప్లమ్ పండ్లు పండు వేళ కురియు వానలకు వారు ‘ప్లమ్ వాన’ యని అర్థమిచ్చు అక్షరములతో పేరిడినారు. టోక్యో ప్రాంతమున అవి సాధారణముగా జూన్ మొదటి వారమున ఆరంభమై జూలై మూడవ వారమున ముగియును. రాకపోకలను వాతావరణ శాఖ ప్రాంతములవారీగా ప్రకటించును. ఉత్తరమున నున్న హొక్కైడోకు ఈ ఋతువు లేదందురు; కావున జూన్‌లో పలువురు సైకిలు యాత్రికులు అటు పోవుదురు. వాన మితిమీరినచో సైకిలును విప్పి సంచిలో కట్టి రైలుపెట్టెలోనికి తీసికొనిపోవచ్చును; దానికి ‘రింకో’ యని పేరు. ఎత్తుచక్రపు సైకిలుపై భూమిని చుట్టివచ్చిన థామస్ స్టీవెన్స్ 1886లో భారతదేశమును వానల నెలలలో దాటినాడు గాని, జపానును డిసెంబరులో ముగించినాడు. అక్కడి జూన్ వానలు అతనికి తప్పినవి.

జపానువారి ఏర్పాటు మెచ్చదగినదే. కాని ఏర్పాటు లేనిచోట మరొకటి పుట్టును. రతన్‌పూర్ దారిలో వాన ముంచుకొనివచ్చినపుడు యాత్రికుడు తలదాచుకొనునది ఎవరిదో ఇంటి పర్ఛీ, అనగా పంచ. ఎవరు నీవని అడుగుటకు ముందే మంచము జరుపుదురు. మూలను వెదురు ఖుమ్రీ వ్రేలాడుచుండును. పసులకాపరి నెత్తిన పెట్టుకొను ఆ టోపీని చూచి ఉత్తరాంధ్రమువాడు తాటాకు గిడుగును, జపాను చూచినవాడు గడ్డితో అల్లిన మినోను తలచుకొందురు. వాన ఆగువరకు మాటలు సాగును. పదిమైళ్ల ప్రయాణమునకు పూట పట్టెనని చింతించువానికి ఈ యాత్ర తగదు.

ఒక్కచోట మాత్రము ఏ విద్యయు చెల్లదు. పల్లపు వాగులపై కట్టిన రప్టా మీదుగా నీరు పారునపుడు అది మోకాలిలోతు కాకున్నను మనిషిని, సైకిలును కలిపి త్రోయగలదు. అడుగున సిమెంటు మిగిలెనో కొట్టుకొనిపోయెనో బురదనీటిలో కానరాదు. తొందరపడువాడు ఇట్టిచోట బట్టలు విప్పి కొలత చూచును. ఆ ప్రాంతమువాడు సైకిలుకు స్టాండు వేసి ఒడ్డున కూర్చుండును. షిఫ్టు పోవును, ఆనాటి కూలి పోవును. అది అతనికి తెలియును. అయినను దిగడు.

హరేలీ పండుగనాడు ఇట్టి దృశ్యమునకు మరొకటి తోడగును. అది ఉత్తరాదివారికి శ్రావణ అమావాస్య, తెలుగు పంచాంగమున ఆషాఢ అమావాస్య. పిల్లలు గేడీలను వెదురుకాళ్లపై ఎక్కి, బురద అంటకుండ వీథి యంతయు తిరుగుదురు. ఒడ్డున వరుసగా నిలిపిన సైకిళ్ల ప్రక్కన కూర్చున్న పెద్దలు వారిని చూచుచు, రప్టాపై మొదటి రాయి నీటినుండి తేలువరకు ఎదురుచూతురు.