డుమస్ పిల్లలు, రుషికొండ సిలిండర్లు

సూరత్ దగ్గరి డుమస్‌లో సముద్రం ఉంది, డైవింగ్ లేదు. తాపీ నది మోసుకొచ్చిన బురద అక్కడే అరేబియా సముద్రంలో కలుస్తుంది. పైగా ఖంభాత్ సింధుశాఖ ఆటుపోట్ల ఉరవడి. నల్ల ఇసుకలోంచి నీళ్లలోకి దిగితే మోకాలి లోతులోనే పాదం కనిపించదు. సూరత్ మరమగ్గాలను నమ్ముకుని వలస వెళ్లిన మన తెలుగు కుటుంబాల పిల్లలకు ఆ సముద్రం టమాటా బజ్జీలు తిని ఒడ్డున తిరగడం వరకే. అందుకే మా అక్క పిల్లలిద్దరినీ నీరు తేటపడే రోజులు చూసి విశాఖ రుషికొండకు తీసుకెళ్లాను.

డైవింగ్ కేంద్రంలో సిలిండర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటిలో ఆక్సిజన్ ఉంటుందనుకుంటారు చాలామంది. ఉన్నది మనం పీల్చే గాలే, వడకట్టి 200 బార్ల ఒత్తిడికి కుదించినది. ఎక్కువగా వాడేది అల్యూమినియం 80. పేరు 80 అయినా పట్టేది 77 ఘనపుటడుగులే. లోపలి పరిమాణం 11 లీటర్లు, ఖాళీ బరువే 14 కిలోలు.

"మామయ్యా, చెల్లికి ఆ చిన్న సిలిండర్ చాలదేమో" అన్నాడు మేనల్లుడు. వాడు ఆరడుగుల మనిషి.

"ఊపిరి లెక్క చూద్దాం బాబూ" అని శిక్షకుడు కాగితం తీశాడు. 20 మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి మూడింతలు. ఒడ్డున నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడికి అక్కడ 60 కావాలి. 50 బార్లు పైకి రావడానికి, ఆపదకు అట్టేపెట్టి 150 వాడుకుంటే పెద్ద సిలిండర్‌లో చేతికందేది 1,650 లీటర్లు, అంటే 27 నిమిషాలు. 15 లీటర్లతో సరిపోయే చెల్లెలికి 9 లీటర్ల చిన్న సిలిండరే 30 నిమిషాలు వస్తుంది! జంటగా దిగినవాళ్లు జంటగానే పైకి రావాలి కాబట్టి, ఎక్కువ పీల్చేవారికే పెద్దది ఇవ్వాలి. సన్నని అమ్మాయి వీపున అనవసరపు బరువు మోపడం నాకైతే అన్యాయమనిపిస్తుంది.

మరో సంగతి, గాలికీ బరువుంది. నిండు సిలిండర్ ఖాళీ అయ్యేసరికి రెండు కిలోలకు పైగా తగ్గుతుంది. మునిగే అల్యూమినియం సిలిండర్ చివర్లో తేలడం మొదలుపెట్టి మనిషిని పైకి లాగుతుంది. నడుముకు కట్టే సీసం బరువులు ఆ చివరి నిమిషాలకు సరిపోయేలా ఉండాలి. ఉక్కు సిలిండర్లు సాధారణంగా అలా తేలవు, సీసం తక్కువ పడుతుంది.

అద్దెకు తీసుకునేవారు సిలిండర్ మెడ దగ్గర గుద్దిన పరీక్ష తేదీ తప్పక చూడండి. సాధారణంగా అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడితో పరీక్షిస్తారు. గడువు దాటినది మీకు సరిపోయే సైజే అయినా వద్దనండి.