ఆ మాత్రలు నావే!

పొన్నూరులో మా ఇంట్లో ఫ్రిజ్ మీద ఒక పాత బిస్కెట్ల డబ్బా ఉంటుంది. రేకు డబ్బా. అందులో బిస్కెట్లు నేనెప్పుడూ చూడలేదు. నాన్న బీపీ మాత్రలు, అమ్మ థైరాయిడ్ మాత్రలు, నాన్నమ్మ ఉన్నన్నాళ్లూ ఆవిడ షుగర్ మాత్రలు, ఎప్పుడు కొన్నారో తెలియని డోలో స్ట్రిప్పులు... అన్నీ అందులోనే. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఆ డబ్బా దించి, 'నాది యాభై అండి, మీదెంత?' అని హాయిగా మాట్లాడుకుంటుంది.

నేనూ ఏడాదిన్నరగా రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటున్నా. అది మాత్రం ఆ డబ్బాలో ఉండేది కాదు. నా బ్యాగ్‌లో, శానిటరీ ప్యాడ్ల ప్యాకెట్ అడుగున ఉండేది. నాన్న ఎట్టి పరిస్థితుల్లోనూ ముట్టుకోని చోటు అదొక్కటే కదా! అమ్మ సంగతి మర్చిపోయా.

అక్కడికి తర్వాత వస్తా.

2023 ఎండాకాలంలో మొదలైంది. మొదలైందని అప్పుడు నాకు తెలీదు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం, కేపీహెచ్‌బీలో లేడీస్ హాస్టల్, ఇద్దరం ఉండే రూమ్. ఏడుపేమీ రాలేదు. డిప్రెషన్ అంటే సినిమాల్లోలా వర్షంలో నిలబడి ఏడవడం అనుకునేదాన్ని. నాకు వచ్చింది ఏడుపు కాదు, బద్ధకంలాంటిది. తలస్నానం చేయాలంటే కొండ ఎక్కినట్టు. ఒకే మెయిల్ నాలుగుసార్లు చదివినా బుర్రకెక్కేది కాదు. ఫ్రెండ్స్ మెసేజ్‌లు చూసి, తర్వాత రిప్లై ఇద్దామనుకుని, రెండు వారాలయ్యాక ఇక ఏ మొహం పెట్టుకుని ఇవ్వాలని వదిలేసేదాన్ని. రాత్రి రెండింటి దాకా రీల్స్. మళ్లీ నాలుగింటికే మెలకువ. ఆ నాలుగు నుంచి ఆరు దాకా ఫ్యాన్ వైపు చూస్తూ పడుకోవడం ఉంది చూశారూ, అది పగవాళ్లకి కూడా వద్దు.

'లవ్ ఫెయిల్యూరా?' అని అడిగారు కొందరు. అయ్యుంటే బాగుండు. చెప్పుకోవడానికి ఒక కారణమన్నా దొరికేది. జీతం వస్తోంది, ఇంట్లో అందరూ బాగున్నారు, ఎవరూ నన్ను మోసం చేయలేదు. 'నీకేం తక్కువ?' అని నన్ను నేనే రోజూ తిట్టుకునేదాన్ని.

ఈ మాట నాదే, పాతది. 2015లో దీపికా పదుకోణ్ తనకు డిప్రెషన్ వచ్చిందని బయటికి చెప్పినప్పుడు నేను ఇంటర్ సెకండియర్. కాలేజీ హాస్టల్లో అందరం నవ్వుకున్నాం. 'అంత డబ్బున్నావిడకి ఏం తక్కువ?' అన్నది నేనే. బాగా గుర్తుంది.

ఆగస్టులో ఒక సాయంత్రం రాయదుర్గం నుంచి వస్తూ అమీర్‌పేటలో మెట్రో మారాలి. బెంచీ మీద కూర్చున్నా. మియాపూర్ వైపు రైలు వచ్చింది, వెళ్లింది. ఇంకోటి వచ్చింది, వెళ్లింది. అలా ఐదు వదిలేశా. లేచి నాలుగడుగులు వేసి ఎక్కాలి, అంతే. అది నావల్ల కాలేదు. చచ్చిపోవాలని కాదు గానీ, నేను లేకపోతే ఈ గొడవంతా ఉండదు కదా అనిపించింది. ఆ ఆలోచన ఎంత మామూలుగా వచ్చిందంటే, నాకే భయమేసింది.

రూమ్‌కొచ్చి నా రూమ్మేట్‌తో చెప్పేశా. తనది కరీంనగర్. నా మాట విని తనకూ ఏం చేయాలో తోచలేదు. 'పాజిటివ్‌గా ఉండు' అనలేదు, అదే గొప్ప. పెరుగన్నం కలిపి తెచ్చి, 'జుట్టు దువ్వనా? ఉండలు కట్టింది' అంది. దువ్వుతూ దువ్వుతూ ఫోన్‌లో వెతికి 14416కి కలిపింది. టెలీ మానస్ అని, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టిన హెల్ప్‌లైన్. డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

తెలుగులో అంటే గుర్తొచ్చింది. అవతల ఆవిడ 'చెప్పమ్మా' అనగానే నాకు మాటలు రాలేదు. నా దగ్గరున్నవన్నీ రీల్స్‌లో నేర్చుకున్న మాటలే... యాంగ్జైటీ, ట్రామా, బర్నవుట్. అవేవీ నోటికి రాలేదు. చివరికి 'ఏం చేయబుద్ధి కావట్లేదండీ' అన్నా. అంతే, ఆవిడకి అర్థమైపోయింది. నిద్ర ఎన్ని గంటలు పడుతోంది, తింటున్నావా, ఎన్నాళ్ల నుంచి, పక్కన ఎవరున్నారు... ఇవే అడిగింది. డాక్టర్‌కి చూపించుకోమని గట్టిగా చెప్పింది.

సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లడమంటే మనకు ఎర్రగడ్డ జోకులే కదా గుర్తొచ్చేది. చున్నీ ముఖానికి చుట్టుకుని వెళ్లా. తీరా అక్కడ చూస్తే ఒకాయన లంచ్ బాక్స్ పట్టుకుని ఆఫీసు నుంచి వచ్చాడు, ఒక పిల్ల రికార్డు రాసుకుంటోంది, ఒక ముసలావిడ టీవీ సీరియల్ గురించి రిసెప్షన్ అమ్మాయితో మాట్లాడుతోంది. పంటి డాక్టర్ దగ్గర ఇంతకంటే ఎక్కువ భయంగా ఉంటుంది.

డాక్టర్ ముందు థైరాయిడ్, బీ12 పరీక్షలు రాశారు. అవి తక్కువైనా మనిషి ఇలాగే అయిపోతాడట. నాకు రెండూ బాగానే ఉన్నాయి. మాత్ర రాస్తూ, 'వేసుకున్న రోజే తగ్గదు. రెండు మూడు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. మొదట్లో కాస్త వికారంగా ఉండొచ్చు' అన్నారు. వికారం మర్నాడే వచ్చింది. గుణం కనపడటానికి నెల పట్టింది. ఒకరోజు మెస్‌లో పప్పుచారు తింటూ 'ఉప్పు తక్కువైంది' అన్నా. ఎన్ని నెలలకో నాకు రుచి తెలిసింది!

ఇక్కడొక తెలివితక్కువ పని చేశా. మూడు నెలలకి బాగుందని, ఎవరికీ చెప్పకుండా మాత్ర ఆపేశా. రెండు రోజులకే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం. నెల తిరిగేసరికి మళ్లీ నాలుగింటి మెలకువ. డాక్టర్ తిట్టలేదు గానీ, తగ్గాక కూడా కొన్ని నెలలు వాడాలని, ఆపేటప్పుడు తను చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ ఆపాలని మళ్లీ మొదటి నుంచి చెప్పారు. కౌన్సెలింగ్ కూడా ఒక్కసారికే కుదరలేదు. మొదట వెళ్లినావిడ పొద్దున్నే లేచి దేవుడికి థాంక్స్ చెప్పుకోమంది. రెండోసారి వెళ్లలేదు. ఇంకొకావిడ దొరికింది, ఆవిడ నేను మాట్లాడుతుంటే వినేది. సెషన్‌కి 1200. హాస్టల్ ఫీజు కట్టే నాలాంటివాళ్లకి అది చిన్న మాటేం కాదు.

ఇప్పుడు ప్యాడ్ల ప్యాకెట్ దగ్గరికి వద్దాం.

2025 సంక్రాంతికి ఇంటికెళ్లా. విజయవాడ సంబంధం, అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం, జాతకాలు కుదిరాయి, ఫొటోలు నచ్చాయి. కనుమ నాడు సాయంత్రం ఫోన్‌లో మాట్లాడుకోమన్నారు. ఆ పొద్దున మా పిన్నికి ప్యాడ్ కావాలంటే అమ్మ నా బ్యాగ్ తీసింది.

'ఏంటే ఇవి?' అంది స్ట్రిప్ పట్టుకుని, గొంతు తగ్గించి. చెప్పా. అమ్మ ముందు తలుపు వేసింది. అందరూ పెరట్లో ఉన్నారు, వినేవాళ్లెవరూ లేరు, అయినా వేసింది. 'పెళ్లయ్యేదాకా ఆపెయ్. ఆ అబ్బాయితో మాత్రం చెప్పకు. నీ జీవితం నువ్వే పాడుచేసుకోకు' అని ఏడ్చింది. అమ్మది తప్పని ఇప్పటికీ అనలేను. తను చూసిన లోకం అది.

నాన్న ఎప్పుడొచ్చాడో గుమ్మంలో నిలబడ్డాడు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టర్‌గా చేశాడు, మాటలు తక్కువ. స్ట్రిప్ తీసుకుని, కళ్లజోడు పైకి నెట్టి పేరు చదివాడు. 'దేనికమ్మా ఇవి?' అన్నాడు. డిప్రెషన్ అన్నా. అర్థం కాలేదని మొహం చూస్తే తెలిసింది. 'నిద్రపట్టదు నాన్నా. ఏ పనీ చేయబుద్ధి కాదు. అందరూ ఉన్నా ఎవరూ లేనట్టుంటుంది' అన్నా.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మంచం మీద కూర్చుని చెప్పాడు. నేను చంటిపిల్లగా ఉన్నప్పుడు తను డ్యూటీలో ఉన్న బస్సు కింద ఒక కుర్రాడు పడ్డాడట. 'ఆ తర్వాత ఏడెనిమిది నెలలు నిద్ర లేదు. డ్యూటీకి వెళ్లేవాణ్ని, టిక్కెట్లు కొట్టేవాణ్ని, సాయంత్రానికి లెక్క తేలేది కాదు. చేతి డబ్బులు కట్టేవాణ్ని. మా అమ్మ తాయెత్తు కట్టించింది. మీ అమ్మ నరాల బలహీనతని టానిక్ తాగించింది. డాక్టర్ దగ్గరికెళ్లాలని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.'

'మరి ఎలా తగ్గింది నాన్నా?'

'తగ్గిందో, అలవాటైందో' అన్నాడు.

ఇరవై ఏడేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్న మనిషి. ఈ సంగతి నాకు తెలీదు.

సాయంత్రం ఆ అబ్బాయికి ఫోన్ చేసి ముందు ఇదే చెప్పా. మంచివాడే, మర్యాదగా విన్నాడు. 'ఇప్పుడు బాగానే ఉన్నారు కదండీ?' అన్నాడు. పిల్లలకు వస్తుందా అని అడిగాడు. డాక్టర్ నాకు చెప్పిందే చెప్పా: ఇంట్లో ఒకరికి ఉంటే ఇంకొకరికి వచ్చే అవకాశం కాస్త ఎక్కువే, వచ్చి తీరాలని లేదు. ఇంట్లో మాట్లాడి చెప్తానన్నాడు. మూడోరోజు మా పెద్దమ్మకి కబురొచ్చింది, జాతకాలు కుదరలేదట. కుదిరాయని చెప్పింది కూడా వాళ్ల పంతులుగారే!

బాధ లేదంటే అబద్ధం. అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. హైదరాబాద్ బస్సులో దారంతా ఏడ్చా. ఓపెన్‌గా చెప్పేస్తే భారం దిగిపోతుందంటారు, నాకైతే ఆ వారం రెట్టింపైంది. అందుకే అందరికీ చెప్పెయ్యండని మీకు చెప్పను. మా మేనేజర్‌కి నేనింకా చెప్పలేదు, లీవ్ కావాలంటే వైరల్ ఫీవర్ అనే పెడతా. కానీ ఒకే మంచం మీద పడుకునే మనిషికి తెలియకుండా రోజూ బాత్రూమ్‌లో మాత్ర వేసుకుంటూ బతకడం మాత్రం నావల్ల కాదు.

ఉగాదికి ఇంటికెళ్తే నా స్ట్రిప్ తీసుకెళ్లి డబ్బాలో పడేశాడు నాన్న, తన బీపీ మాత్రల పక్కన. అమ్మ చూసింది, ఏమీ అనలేదు. ఎవరైనా వస్తే మాత్రం డబ్బా దించడం మానేసింది.

మొన్న జూన్‌లో అమ్మ ఫోన్ చేసింది. 'ఆ డాక్టర్ నంబరు పెట్టవే. తెనాలి పిన్ని వాళ్లబ్బాయి నెల నుంచి గది దాటి రావట్లేదట. అన్నం కూడా లోపలికే పెడుతోంది. నీ సంగతి చెప్పేశా, ఏమనుకోకు' అంది.

ఆ రాత్రి పదకొండింటికి వాడి నుంచి మెసేజ్ వచ్చింది. 'అక్కా, ఆ మాత్రలేసుకుంటే పిచ్చోళ్లమైపోతామా?'

టైప్ చేయడం మొదలుపెట్టి, మళ్లీ చెరిపేసి, ఫోన్ చేశా.