తాటితోపుల్లో యుద్ధం

కోటబొమ్మాళి నుంచి శ్రీలంకలోని జాఫ్నా వెళ్లడానికి ఇప్పుడు తుపాకీ అక్కర్లేదు. మా ఊళ్లో పాసింజరెక్కి విశాఖలో దిగి, అక్కడి నుంచి చెన్నై, ఆపైన నాగపట్నం చేరితే చాలు. 2023 అక్టోబరులో మొదలైన ఓడ నాలుగు గంటల్లో కాంకేసన్‌తురై రేవులో దించుతుంది. మావయ్య మాత్రం 1987లో మద్రాస్ రెజిమెంట్ సిపాయిగా వెళ్లాడు. ఈసారి నేను తోడున్నాను.

రైల్లో ఆయన నోరు విప్పింది శిక్షణ గురించి. నీలగిరుల్లో కూనూరు పక్కనున్న వెల్లింగ్టన్‌లో మద్రాస్ రెజిమెంట్ కేంద్రం ఉంది. 1758 నాటి పటాలాల వారసత్వం దానిది. పద్దెనిమిదేళ్లకు అక్కడ రంగ్రూటుగా చేరాడు.

"మన ఊళ్లో సలంటే ఏటో తెలీదు కదా అల్లుడా! తెల్లారకుండా నిక్కరేసుకుని కొండెక్కి పరిగెట్టాల. ఎనకబడితే నేర్పే ఉస్తాద్ రగడా ఇచ్చేవోడు, నేల మీద పాకించీవోడు. మోకాళ్లు, మోసేతులు పుళ్లే. నాలుగు కిలోల పైన ఉండేది ఎస్సెల్లార్ తుపాకీ. రెండు సేతుల్తో నెత్తి మీద ఎత్తి పట్టుకుని మైదానం సుట్టూ తిరగాల."

తమిళ, మలయాళ, కన్నడ కుర్రాళ్ల మధ్య తెలుగువాడు. శిక్షణ ముగిసి ప్రమాణం చేసే కసం పరేడ్ నాటికి తమిళం బాగానే వచ్చేసింది. "వీర మద్రాసి, అడి కొల్లు" అన్న రణనినాదం దానితో పాటే నోటికెక్కింది.

కాంకేసన్‌తురైలో దిగి బస్సెక్కాక మావయ్య కిటికీ వదల్లేదు. ఎర్రమట్టి, తాటితోపులు, కొబ్బరి, తాటాకు దడులు, పెరట్లో నుయ్యి. మా పక్క టెక్కలి నుంచి సముద్రం వైపు పోతున్నామని చెబితే నేను నమ్మేసేవాణ్ని.

"పంజాబీ వోళ్లకిది కొత్త దేశం. నాకు కాదు. దిగిన్రోజే అనుకున్నాను, మనూరొచ్చేసినానేటని," అన్నాడు.

1987 జూలై 29న ప్రధాని రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే కొలంబోలో ఒప్పందం మీద సంతకాలు చేశారు. మర్నాటి నుంచే మన సైన్యం దిగింది. సికింద్రాబాదు నుంచి వెళ్లిన 54వ పదాతి డివిజనుదే ముందు వరుస. శాంతిసేన వచ్చిందని తమిళులు మొదట పూలదండలు వేశారు. అక్టోబరు రెండో వారానికి తమిళ పులులు, అంటే ఎల్‌టీటీఈతో యుద్ధం మొదలైంది. దానికి ఆపరేషన్ పవన్ అని పేరు పెట్టారు. 11వ తేదీ రాత్రి హెలికాప్టర్లలో జాఫ్నా విశ్వవిద్యాలయం దగ్గర దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫంట్రీ జవాన్లు ముప్పై మందిలో ప్రాణాలతో మిగిలింది ఒక్కడు. పట్టణం చేజిక్కడానికి రెండు వారాలకు పైగా పట్టింది.

ఉరుంపిరాయి దగ్గర బస్సు దిగి సందుల్లో నడిచాం. మావయ్య రోడ్డు మధ్యన నడవడు. దడి పక్కనా నడవడు. ఈ రెంటికీ నడుమ ఏదో గీత ఆయన కాళ్లకే తెలుసు.

"రోడ్డు కింద మందుపాతర. దడి పక్కకి పోతే తాటిసెట్టు మీంచి తూటా. ఆళ్లవి ఏకే నలభైయేడులు. మాకేమో గుండు గుండుకీ మీట నొక్కాల. శత్రువు లుంగీ కట్టుకుని సైకిలు మీద ఎల్లిపోతాడు, మనకేటి తెలుస్తాది?"

ఒక పెరటి గోడ దగ్గర ఆగాడు. ఇలాంటిదే ఒకటి దూకి నూతి పక్కన పడ్డాడట. బాల్చీ పట్టుకుని ఒక ముసలమ్మ నిలబడిపోయింది. వెల్లింగ్టన్ తమిళంలో "తణ్ణి" అని అడిగితే నీళ్లు పోసింది.

"తాగినంతసేపూ తుపాకీ ఆవిడ మీదే ఉంది. దించలేదు. దించమని నాకెవులూ నేర్పలేదు."

పట్టణంలో జాఫ్నా ఆసుపత్రికి నేనే తీసుకెళ్లాను. 1987 అక్టోబరు 21, దీపావళి నాడు భారత సైనికుల కాల్పుల్లో ఇక్కడ వైద్యులు, నర్సులు, రోగులు కలిపి అరవై మందికి పైగా చనిపోయారు. వాళ్ల జ్ఞాపకంగా లోపల ఫొటోలు పెట్టారు. మావయ్య ఆ రోజు ఇక్కడ లేడు. ఆ మాట మాత్రం ఎవరితోనూ అనలేదు. ఫొటోలన్నీ వరసగా చూశాడు.

బయట టీకొట్టాయన, తమిళం ఎక్కడ నేర్చుకున్నారని అడిగాడు. మావయ్య దాచకుండా పటాలంలోనని చెప్పాడు. ఆయన గ్లాసులు కడుగుతూనే, మొదటి రెండు నెలలూ మీరు మా వాళ్లే అనుకున్నామన్నాడు. టీ డబ్బులు తీసుకున్నాడు. చిల్లర కూడా లెక్కపెట్టి ఇచ్చాడు.

శాంతిసేన చివరి దళం 1990 మార్చి 24న వెనక్కి వచ్చింది. సుమారు 1,200 మంది రాలేదు. మద్రాసులో స్వాగతానికి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్లలేదు. తమిళుల మీద తుపాకీ ఎత్తిన సైన్యమన్నది ఆయన అభ్యంతరం. అప్పుడు మావయ్యకు కోపం వచ్చింది. ఇప్పుడు అడిగితే, "ఆయన మాటా ఉంది, మా సావులూ ఉన్నాయి," అంటాడు.

మా వైపు కుర్రాళ్లు ఇప్పటికీ సైన్యంలో చేరడానికి అగ్నివీర్ ర్యాలీకి పోతారు. 1.6 కిలోమీటర్లు అయిదున్నర నిమిషాల్లో పరిగెడితే 60 మార్కులు, పది పులప్స్‌కి 40. వాళ్లలో కొందరు నేర్చుకోడానికి మావయ్య దగ్గరకొస్తారు. తిరుగు ఓడలో అడిగాను, ఇకమీదట వాళ్లకేం చెబుతావని.

"పరుగు నేర్పుతాను. తుపాకీ ఉస్తాద్ నేర్పుతాడు. ఎవులి ఊరెల్తన్నావో ముందు తెలుసుకోరా గుంటడా అని, అదొక్కటీ నేనే సెప్పాల."