దొరల హోటల్లో మూడు రోజులు

పూరీ వెళ్లారా ఎప్పుడైనా? వెళ్లే ఉంటారు. జగన్నాథుడి దర్శనం, ఓ పూట సముద్రస్నానం, ఒక బుట్ట ఖాజాలు... సాయంత్రానికల్లా తిరుగు రైలు!

1972లో మేమూ అలాగే వెళ్లొచ్చాం. నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసేవారు. పాసు మీద వెళ్లి ధర్మశాలలో దిగాం. సముద్రం ఒడ్డున నడుస్తుంటే పొడవాటి వరండాల పెద్ద మేడ కనబడింది. "అది దొరల హోటలు, మనబోటివాళ్లకి కాదు" అన్నారు నాన్న. అమ్మ మాత్రం గేటు దగ్గర కాసేపు నిలబడిపోయింది.

నాన్న పోయి ఆరేళ్లయింది. అమ్మకి ఎనభై రెండు. తార్నాకలో మా ఇంటినుంచి రోజూ పొద్దున్నే యూనివర్సిటీలోకి నడుస్తాం. ఆర్ట్స్ కాలేజీ ఎదురుగా అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. ఓ రోజు అక్కడే, ఉన్నట్టుండి, "ఆ దొరల హోటలు ఇంకా ఉందంటావా?" అంది. యాభై ఏళ్లుగా మనసులో పెట్టుకుందన్నమాట!

ఉందండీ. పూరీకి రైలు 1897లో వచ్చింది. కలకత్తా దొరలు సముద్రపు గాలికోసం రావడం మొదలెట్టారు. వాళ్లకోసం బెంగాల్ నాగపూర్ రైల్వేవారు 1925లో తెరిచిన హోటలిది. ఆ రైల్వే పేరుమీదే ఇప్పటికీ అందరూ 'బి.ఎన్.ఆర్. హోటల్' అంటారు. ఇప్పుడు ఒక ప్రైవేటు సంస్థ లీజుకి తీసుకుని నడుపుతోంది. డబ్బు కడితే ఎవరికైనా గది ఇస్తారు. దొరలే అక్కర్లేదు!

పోయిన చలికాలం సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మర్నాడు పలాస దాటినప్పటినుంచీ అమ్మ కిటికీ వదల్లేదు. ఆవిడ పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా బారువ. సముద్రం ఒడ్డునే పెరిగింది. పద్దెనిమిదేళ్లకి పెళ్లై తార్నాక వచ్చాక, "ఏటి", "ఎలగ" అంటే చుట్టుపక్కలవాళ్లు నవ్వేవారట. ఆర్నెల్లలో ఆ మాటలన్నీ మానేసింది. నాకు ఊహ తెలిశాక అమ్మ నోట ఆ యాస నేను వినలేదు.

ఖుర్దా రోడ్‌లో దిగితే పూరీ 44 కిలోమీటర్లు. హోటలు చక్రతీర్థ రోడ్డులో ఉంది. ఎత్తైన కప్పులు, మందపాటి గోడలు, గది ముందు వరండా, వరండాలో వాలుకుర్చీలు, ఎదురుగా సముద్రం. అమ్మ అంతా కలయజూసి, "మన ఆర్ట్స్ కాలేజీ అంత లేదే!" అంది. నిజమే మరి. 1939లో నిజాం ప్రారంభించిన ఆ రాతి మేడని రోజూ చూసే కళ్లకి ఏ దొర మేడ ఆనుతుంది?

భోజనాల్లో 'రైల్వే మటన్ కర్రీ' ఇక్కడ పేరున్న వంట. దొరల నాలుకకి తగ్గట్టు కారం తగ్గించి, బంగాళాదుంపలు వేసి వండుతారు. "ఇందులో కారమేదీ?" అని, ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ బయటికి తీసింది అమ్మ. నేను చుట్టూ చూసి తల దించుకున్నాను. వడ్డించే అబ్బాయి మాత్రం, "నాక్కూడా కొంచెం పెట్టండి మాజీ" అన్నాడు హిందీలో!

మర్నాడు తెల్లారి ఇసకలోకి వెళ్లాం. అమ్మ చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి ఇంకో అడుగు వేసింది. వెనకనుంచి ఒక కేక!

"ఎనక్కి రా మామ్మా! పెద్ద కెరటమొస్తంది!"

తలమీద మొనదేరిన టోపీ పెట్టుకున్న నోలియా. స్నానానికి దిగేవాళ్లని చెయ్యి పట్టుకుని కాపాడే జాలరులు వీళ్లు. ఆంధ్ర తీరంనుంచి తరాలకిందట వచ్చి, ఇదే ఒడ్డున పెంటకటలో స్థిరపడినవాళ్లు. ఇళ్లలో ఇప్పటికీ తెలుగే.

అమ్మ గిర్రున తిరిగింది. "ఏటి నాయినా, తెలుగోడివా? ఏ వూరు మీది?"

"నాను ఈడే పుట్టినాను మామ్మా. మా తాతలది ఇచ్చాపురం కాడ."

"మాది బారువ!"

"బారువా! అయితే మనోళ్లే!"

ఇంకేముంది, గంటసేపు ఇసకలో కూర్చున్నారు. వలల గురించి, 2019లో వచ్చిన ఫోని తుఫాను గురించి, చేపల రేట్ల గురించి. అమ్మ మాట్లాడే ప్రతి మాటా నాకు కొత్త. ఇన్నేళ్లూ మా ఇంట్లో ఉన్న మనిషిలో సగాన్ని నేను అప్పుడే చూశాను. మిగిలిన రెండు రోజులూ హోటలు వరండాకంటే ఇసకలోనే ఎక్కువ కూర్చున్నాం.

మీరూ పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే, గది బుక్ చేసేటప్పుడే కింది అంతస్తు అడగండి. గుళ్లోకి సెల్‌ఫోన్లు, తోలు వస్తువులు తీసుకెళ్లనివ్వరు. అవి గదిలోనే పెట్టి బయల్దేరండి. నోలియా తోడు లేకుండా సముద్రంలో దిగకండి, ఇక్కడి కెరటాలు మంచివి కావు. ఖాజాలు ఆఖరి రోజు కొనుక్కోండి. పొరలు పొరలుగా, మన తాపేశ్వరం మడత కాజాకి చుట్టాల్లా ఉంటాయి.

తిరిగొచ్చాక పక్కింటావిడ అడిగింది, హోటలు ఎలా ఉందని. ఖాజా చేతిలో పెడుతూ అమ్మ, "ఏటో తల్లీ, గదులు మరీ పెద్దవి. సముద్రం మాత్రం మాదే" అంది.

ఆవిడ నవ్వింది. అమ్మ మాట మార్చుకోలేదు.