నాన్న కోటు వేసుకుని స్టేజీ ఎక్కినోడు

గ్లాస్గోలో ట్రాన్‌గేట్ అని ఒక వీధి ఉంది. ఎప్పుడు చూసినా బస్సులు, షాపింగ్ సంచులు, చినుకులు. ప్రాజెక్టు పని మీద ఆ ఊరొచ్చిన ఆరు నెలలూ ఆ దారినే నడిచాను. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. చూసుంటే తెలిసేది: కింద దుకాణాలున్న ఆ పాత బిల్డింగ్ పైఅంతస్తుల్లో నూట అరవై ఏళ్లు దాటిన ఒక థియేటర్ ఉంది. పేరు బ్రిటానియా పనోప్టికాన్.

ఒక శనివారం మెట్లెక్కి లోపలికెళ్లాను. లోపల చలి బయటికంటే ఎక్కువ. పెచ్చులూడిన గోడలు, గుర్రపు నాడా ఆకారంలో బాల్కనీ, చివర చిన్న స్టేజీ. మన ఊళ్లో ఫంక్షన్ హాల్ డయాస్ దీనికన్నా పెద్దది.

1857లో తెరిచిన మ్యూజిక్ హాల్ ఇది. మ్యూజిక్ హాల్ అంటే కచేరీ కాదండోయ్. పాట, డాన్సు, గారడీ, కామెడీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చే షో. చూసేవాళ్లు ఓడల కార్ఖానాల్లో, మిల్లుల్లో పనిచేసేవాళ్లు. చెక్క బల్లల మీద ఇరుక్కుని పదిహేను వందల మంది దాకా కూర్చునేవారట. నచ్చితే ఈలలు, నచ్చకపోతే కుళ్లిన కూరగాయలు. మనం యూట్యూబ్‌లో డిస్‌లైక్ నొక్కి ఊరుకుంటాం. వాళ్లు గురి చూసి కొట్టేవారు.

1906లో, పదహారేళ్ల కుర్రాడొకడు ఈ స్టేజీ మీద మొదటిసారి నిలబడ్డాడు. పేరు ఆర్థర్ స్టాన్లీ జెఫర్సన్. ప్రపంచానికి తెలిసిన పేరు స్టాన్ లారెల్. లారెల్ అండ్ హార్డీలో సన్నగా ఉండి, తల గోక్కుని, ఉన్నట్టుండి ఏడ్చేసే ఆయన. రేలంగి, రమణారెడ్డిల్ని పక్కపక్కన చూసి నవ్విన తెలుగువాళ్లకి లావు, సన్నం జోడీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు.

దొరికిపోయాడు

స్టాన్ వాళ్ల నాన్న ఆర్థర్ జెఫర్సన్ అప్పట్లో ఇక్కడికి నడిచి వెళ్లేంత దూరంలో మెట్రోపోల్ అనే థియేటర్ నడిపేవాడు. నాటకాలు రాసేవాడు, ఆడించేవాడు. కొడుకు కూడా థియేటర్ వ్యవహారాలే చూసుకోవాలని ఆయన ఆశ. కొడుక్కేమో కామెడీ పిచ్చి. నాన్నకి చెప్పకుండా పనోప్టికాన్‌లో ఒక అవకాశం సంపాదించాడు. నాన్న బట్టలే తీసుకుని వేసుకున్నాడు. అక్కడా ఇక్కడా విన్న జోకులు పోగేశాడు.

తర్వాత జరిగింది స్టాన్ తనే చెప్పుకున్న కథ. స్టేజీ మీద ఉండగా చూస్తే జనంలో నాన్న. అనుకోకుండా ఆ పూట అక్కడికే వచ్చాడు. కుర్రాడికి గుండె జారిపోయింది. ఎలాగో ఐటెమ్ ముగించి పరిగెత్తాడు. ఆ కంగారులో నాన్న టోపీ నలిగిపోయింది, కోటు కొక్కేనికి తగులుకుని చిరిగింది. ఇక తప్పదని నాన్న ఆఫీసుకెళ్లి నిలబడ్డాడు. తిట్లు పడతాయనుకుంటే, ఆయన ఆ జోకులెక్కడివని అడిగి, బాగానే చేశావన్నట్టు మాట్లాడి, పెద్దవాళ్లకి ఇచ్చినట్టు విస్కీ సోడా ఇవ్వబోయాడట. కుర్రాడు భోరుమన్నాడు.

ఆ స్టేజీ ముందు నిలబడి ఇదంతా తలుచుకుంటుంటే నాకు భీమవరం గుర్తొచ్చింది. ఇంజనీరింగ్ థర్డ్ ఇయర్, కాలేజీ డే. చీర కట్టుకుని, అత్తగారి వేషంలో స్కిట్ చేస్తున్నాను. హాలంతా గోల గోలగా నవ్వుతోంది. వెనక తలుపు దగ్గర చేతులు కట్టుకుని మా నాన్న. నన్ను ఇంటికి తీసుకెళ్దామని వచ్చాడు. బండి మీద ఇంటికెళ్లే నలభై నిమిషాలూ ఒక్క మాట మాట్లాడలేదు. అరిచినా బాగుండేది. ఆ తర్వాత నేను స్టేజీ ఎక్కలేదు.

పదహారేళ్ల వాడి కథ అక్కడ ఆగలేదు. అది ఎక్కడిదాకా వెళ్లిందో చూడాలనిపించి, తర్వాతి వారం సెలవు పెట్టి అతను పుట్టిన ఊరికి టికెట్టు తీశాను.

అల్వర్‌స్టన్ దారిలో

గ్లాస్గో నుంచి లాంకాస్టర్ దాకా ఒక రైలు, అక్కణ్నుంచి చిన్న రైలు. ఈ రెండో ప్రయాణం కోసమైనా వెళ్లాలి. మోర్‌కాంబ్ అఖాతం పక్కనుంచి వెళ్తుంది. కొన్నిచోట్ల అలలకి అడుగు దూరంలో పోతున్నట్టుంటుంది. నీళ్లు వెనక్కి తగ్గితే మైళ్ల కొద్దీ తడి ఇసుక. దారిలో స్టాన్ కెరీర్ మొత్తాన్ని ఫోన్లో మళ్లీ చదువుకున్నాను.

పనోప్టికాన్ తర్వాత పిల్లల పాంటోమైమ్ ట్రూపులో చేరాడు. తర్వాత ఫ్రెడ్ కార్నో కంపెనీ. కార్నో స్కెచ్‌లలో మాటలకంటే ఒళ్లే ఎక్కువ మాట్లాడాలి. 1910లో ఆ ట్రూపు ఓడెక్కి అమెరికా వెళ్లింది. అందులో స్టార్ చార్లీ చాప్లిన్. స్టాన్ అతనికి అండర్‌స్టడీ, అంటే చాప్లిన్‌కి జ్వరమొస్తే ఎక్కే బ్యాకప్. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవారు. గదిలో వంట చేయకూడదు కాబట్టి స్టాన్ దొంగచాటుగా వేపుళ్లు వేపుతుంటే, ఆ చప్పుడు వినపడకుండా చాప్లిన్ వయొలిన్ వాయించేవాడట. విదేశంలో రూమ్మేట్‌తో ఉన్నవాళ్లకి ఈ సీను వివరించక్కర్లేదు. మేం స్మోక్ అలారం కింద అట్టముక్క పట్టుకుని విసిరేవాళ్లం.

1913లో చాప్లిన్ సినిమాల్లోకి వెళ్లిపోయాడు. స్టార్ లేని ట్రూపు అమెరికాలో నిలబడలేదు. రూమ్మేట్ ప్రపంచంలోకెల్లా పెద్ద కమెడియన్ అవుతుంటే, స్టాన్ ఊరూరా చిన్న స్టేజీల మీద ఆడుకుంటూ తిరిగాడు. 1917లో మొదటి సినిమా చేసినా పెద్దగా ఏమీ మారలేదు. అసలు పేరు స్టాన్ జెఫర్సన్‌కి ఇంగ్లీషులో పదమూడు అక్షరాలు, అది అచ్చిరాదని లారెల్ అయ్యాడు. నమ్మకాలు మనకే ఉంటాయనుకోకండి.

చివరికి హాల్ రోచ్ స్టూడియోలో కథలు రాస్తూ, డైరెక్షన్ చేస్తూ, నటన పక్కనపెట్టేశాడు. 1926లో అక్కడే నటించే ఆలివర్ హార్డీ ఇంట్లో వంట చేస్తూ చెయ్యి కాల్చుకున్నాడు. ఆ వేషం నువ్వే వెయ్యాలని స్టాన్‌ని తోశారు. అలా మళ్లీ కెమెరా ముందుకొచ్చాడు. మరుసటి ఏడాదికి ఇద్దరూ జోడీ అయిపోయారు. కలిసి వందకు పైగా సినిమాలు. పియానోని పెద్ద మెట్ల వరస మీదికి ఎక్కించే ‘ది మ్యూజిక్ బాక్స్’కి 1932లో ఆస్కార్ వచ్చింది.

నాకు బాగా నచ్చిన విషయం ఇంకొకటి. తెర మీద బుర్రలేనివాడు స్టానే. కానీ తెర వెనక బుర్రంతా స్టాన్‌దే. జోకులు రాయడం, ఎడిటింగ్‌లో కూర్చోవడం అతని పని. సినిమాని ముందు మామూలు జనానికి చూపించి, ఎక్కడ ఎంతసేపు నవ్వుతున్నారో గమనించి, ఆ నవ్వు ఆగేదాకా తర్వాతి మాట రాకుండా మళ్లీ కత్తిరించేవారు. మా భాషలో యూజర్ టెస్టింగ్. హార్డీ షూటింగ్ అవగానే గోల్ఫ్ ఆడుకోడానికి పోయేవాడు. స్టాన్‌కి జీతం ఎక్కువని అతనెప్పుడూ గొడవ పడలేదు.

బాల్కనీ కింద

అల్వర్‌స్టన్ చిన్న ఊరు. కొండ మీద లైట్‌హౌస్ లాంటి స్మారకం, కింద రాళ్లు పరిచిన సందులు. ఆర్గైల్ స్ట్రీట్‌లో వరసగా అతుక్కున్న ఇళ్లలో ఒకటి అమ్మమ్మ వాళ్లది. 1890 జూన్ 16న స్టాన్ పుట్టిందక్కడే. అమ్మ కూడా నటే. తల్లిదండ్రులు నాటకాల వెంట తిరుగుతుంటే చిన్నప్పుడు ఇక్కడే పెరిగాడు. బయట ఒక ఫలకం ఉంది, అంతే.

పాత రాక్సీ సినిమా హాల్లో లారెల్ అండ్ హార్డీ మ్యూజియం ఉంది. ఈ ఊరి మేయర్‌గా చేసిన బిల్ క్యూబిన్ అనే అభిమాని 1983లో మొదలుపెట్టాడు. ఫొటోలు, పోస్టర్లు, ఉత్తరాలు. ఒక మూల సినిమా ఆడుతూనే ఉంటుంది. నా పక్కన ఒక తాత, మనవడు. ఇద్దరూ ఒకే చోట నవ్వారు. దాదాపు వందేళ్ల క్రితం ఎడిట్ చేసిన గ్యాప్ ఇంకా పనిచేస్తోంది.

కాస్త దూరంలో కరొనేషన్ హాల్. ముందు లారెల్, హార్డీ కంచు విగ్రహాలు, దీపస్తంభం, ఒక కుక్కపిల్ల. 1947లో ఇంగ్లండ్ టూర్‌కొచ్చినప్పుడు ఇద్దరూ ఈ హాలు బాల్కనీలో నిలబడి జనానికి చేతులూపారు. ఊరు స్టాన్‌కి అతని జనన ధ్రువపత్రం కాపీ బహుమతిగా ఇచ్చింది. నువ్వు ఎక్కడికెళ్లినా మావాడివే అని చెప్పడానికి ఇంతకన్నా మంచి కాగితం ఉండదు.

1954 మేలో ప్లిమత్‌లో హార్డీ గుండె దెబ్బతింది. టూర్ ఆగిపోయింది. 1957లో హార్డీ పోయాడు. స్టాన్ మళ్లీ నటించలేదు. కానీ శాంటా మోనికాలోని తన ఫ్లాట్‌లో కూర్చుని, ఇద్దరి కోసం స్కెచ్‌లు రాసుకుంటూనే ఉన్నాడు. అతని ఫోన్ నంబరు టెలిఫోన్ డైరెక్టరీలో ఉండేది. ఎవరైనా చేస్తే తనే ఎత్తేవాడు. 1965లో చనిపోయేదాకా అభిమానుల ఉత్తరాలకి జవాబులు రాశాడు.

విగ్రహం పక్కన బెంచీ మీద కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. చిరిగిన కోటు కథంతా చెప్పాను. ఎందుకు చెప్తున్నానో చెప్పలేదు. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. లైన్ కట్ అయిందేమో అనుకున్నాను.

“ఆ రోజు నువ్వు కట్టుకున్న చీర మీ అమ్మది,” అన్నాడు. “కొంగు దగ్గర చిరిగింది. ఇప్పటిదాకా ఎలా చిరిగిందో ఆవిడకి తెలీదు. నేను చెప్పలేదు.”

తర్వాత గొంతు తగ్గించి అడిగాడు: “ఆ అత్తగారి డైలాగులు ఎవరు రాశార్రా? నువ్వేనా?”