మధ్య మెట్టు

తొలి ఏకాదశి నాడు అమెరికాలోని ఉత్తర జార్జియాలో ఒక తెలుగువారింటికి అంబులెన్సు వెళ్లింది. కొడుకు దగ్గర కొన్నాళ్లుండి పోదామని వచ్చిన పెద్దాయన ఉపవాసం ఉన్నారు. కడుపులో ఏమీ పడకపోయినా, అలవాటుగా పొద్దున్నే గ్లిమెపిరైడ్ మాత్ర మాత్రం వేసుకున్నారు. మధ్యాహ్నానికి మాట తడబడింది, ఒళ్లంతా చెమటలు పట్టాయి, ఆపైన స్పృహ లేదు. పక్షవాతం అనుకుని కోడలు 911కి ఫోన్ చేసింది.

వచ్చినమ్మాయి ఏఈఎంటీ, అంటే అడ్వాన్స్‌డ్ ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్. వేలు గుచ్చి చూస్తే షుగర్ 38. ముడతలు పడ్డ ముంజేతి మీద నరం వెతికి పట్టుకుని పది శాతం డెక్స్‌ట్రోజ్, అంటే గ్లూకోజు, ఎక్కించింది. సంచి సగం ఖాళీ కాకముందే పెద్దాయన కళ్లు తెరిచి "ఏమైందిరా?" అన్నారట.

నేను మెచ్చుకున్నది ఆ తర్వాత ఆమె చేసిన పనిని. తేరుకున్నాక ఆయన ఆసుపత్రికి రానన్నారు. విజిటర్ వీసా, అంతంతమాత్రపు ఇన్సూరెన్సు, బిల్లు ఎంతవుతుందోనని కొడుకూ వెనకాడాడు. ఇన్సులిన్ వాడే మనిషైతే, కోలుకుని కడుపునిండా తిన్నాక సంతకం పెట్టించుకుని ఇంట్లోనే వదిలి రావచ్చేమో. ఈ మాత్ర సంగతి వేరు. ఇది పాంక్రియాస్ చేత గంటల తరబడి ఇన్సులిన్ విడుదల చేయిస్తూనే ఉంటుంది. ఎక్కించిన గ్లూకోజు కాస్తా అయిపోగానే షుగర్ మళ్లీ దిగుతుంది. వయసు మీదపడి కిడ్నీలు మందగించినవాళ్లలో మరీను. ఆమె మాత్రల డబ్బా అడిగి తీసుకుని, పేరు చదివి, ఎమర్జెన్సీలో డ్యూటీలో ఉన్న నాకు ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టించి తెలుగులో మాట్లాడాను.

"మాస్టారూ, ఇప్పుడు బాగానే ఉంటుంది. రాత్రి నిద్రలో మళ్లీ పడిపోతే ఎవరికీ తెలీదు. ఈ ఒక్క రాత్రికీ మా కళ్లముందు ఉండండి."

"రేపు పారణ వేళకి పంపించేస్తారా బాబూ?" అని అడిగి ఒప్పుకున్నారు. ఆ రాత్రి ఆయన షుగర్ రెండుసార్లు పడింది.

అమెరికాలో ఈ వృత్తికి నాలుగు అంచెలున్నాయి. 2007 నాటి జాతీయ నమూనా వాటికి ఇప్పుడున్న పేర్లు పెట్టింది: ఈఎంఆర్, ఈఎంటీ, ఏఈఎంటీ, పారామెడిక్. ఈఎంటీకి సుమారు 150 గంటలో ఇంకాస్త ఎక్కువో, ఏఈఎంటీకి దాదాపు మళ్లీ అంత, పారామెడిక్‌కు వెయ్యి గంటలకు పైగా శిక్షణ. రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. మధ్య మెట్టు దాటేసి నేరుగా పారామెడిక్‌కు పోయేవాళ్లు చాలామందే. నియమాలు ఒప్పుకుంటాయి కానీ నా మనసు ఒప్పుకోదు.

ఈ అంచెలేవీ లేని రోజుల్లో, 1966లో, అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ఒక నివేదిక వెలువరించింది. అప్పటికి దేశంలో దాదాపు సగం అంబులెన్సులు నడిపేది అంత్యక్రియలు జరిపించే సంస్థలేనట. మనిషిని పడుకోబెట్టి తీసుకెళ్లే బండి వాళ్ల దగ్గరే ఉండేది మరి! మరుసటి ఏడాది పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ సేవ మొదలైంది. డాక్టర్ పీటర్ సఫార్ పర్యవేక్షణలో, ఉద్యోగాలకు పనికిరారని సమాజం పక్కన పెట్టిన నల్లజాతి యువకులు శిక్షణ పొంది, రోడ్డు మీదే ప్రాణాలు నిలిపారు. డాక్టరు కాని మనిషి చేతికి మందు ఇవ్వవచ్చన్న నమ్మకం అలాంటివాళ్లు సంపాదించి పెట్టిందే.

ఏఈఎంటీ దశలోనే ఆ మందు మొదటిసారి నరంలోకి వెళుతుంది. నరం దొరక్కపోతే ఎముకలోకి. క్లాసులో కుర్రాళ్ల ధ్యాసంతా సూది మీదే. రబ్బరు చేతి మీద గుచ్చి గుచ్చి ఆరితేరతారు. నేను గమనించేది సూది తీయడానికి ముందు వాళ్లు ఏం చేస్తారన్నది. ఒక పెట్రోలు బంకు బాత్రూములో మత్తుమందు మోతాదు మించి నీలం తిరిగిపోయిన కుర్రాడు దొరికాడు. శిక్షణలో ఉన్న అబ్బాయి చెయ్యి విరుగుడు మందు నలోక్సోన్ కోసం సంచీలోకి పోయింది. పక్కనున్న సీనియర్ ఆ చెయ్యి పట్టుకుని ఆపి, ముఖం మీద మాస్కు పెట్టించి, బ్యాగు నొక్కించాడు. ముందు ఊపిరి, ఆ తర్వాతే మందు. అదీ కొంచెం కొంచెంగా, శ్వాస తనంతట తాను ఆడేదాకా. ఒక్కసారిగా లేపేస్తే వాంతులు, పెనుగులాట. ఆ రోజుకు అంతకు మించిన పాఠం అక్కర్లేదు.

2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 అంబులెన్సు సేవ మొదలయ్యాక మన ఊళ్ల రోడ్ల మీద ఎన్నో ప్రాణాలు నిలిచాయి. ఆ బండిలోని ఈఎంటీకి కూడా ఇలా ఒక్కో మెట్టూ ఎక్కే దారి, ఎక్కినందుకు తగిన జీతం ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

ఏఈఎంటీ మెట్టుకు హద్దూ ఉంది. ఆ ఏకాదశి నాడు వెళ్లిన అమ్మాయే మరోసారి గుండెనొప్పితో ఉన్న రైతును తీసుకొచ్చింది. నైట్రోగ్లిజరిన్ ఆమె ఇవ్వదగిన మందే. ఈసీజీ తీసి మాకు పంపింది గానీ, దాన్ని చదివి నిర్ణయం తీసుకోవడం ఆమె పరిధిలో లేదు. బీపీ తక్కువగా ఉందని మందు ఆపి నాకు ఫోన్ చేసింది. ఆపడమే మేలైంది. గుండె కింది గోడకు పోటు వచ్చింది, కుడి వైపు కూడా దెబ్బతింది. నైట్రో పడి ఉంటే ఉన్న బీపీ కూడా జారిపోయేది. రోగిని క్యాథ్‌ల్యాబ్‌కు పంపాక ఆమె ఆ కాగితం తెచ్చి, "మీరు ఇందులో ఏం చూశారో నాకు చూపిస్తారా డాక్టర్?" అంది. రెండు, మూడు, ఏవీఎఫ్ లీడ్లలో పైకి లేచిన గీతల కింద పెన్నుతో గీసి చూపించాను. తర్వాత పారామెడిక్ కోర్సులో చేరింది. ఇప్పటికీ షిఫ్టు దిగాక ఈసీజీలు పట్టుకుని వస్తుంది. వాటిలో కొన్నింటికి జవాబు చెప్పాలంటే నేను కార్డియాలజిస్టుకు ఫోన్ చేయాల్సి వస్తోంది.