నీళ్ల డ్రమ్ముకే ముందు చోటు

కణేకల్, బొమ్మనహాళ్ వైపు హగరి ఒడ్డు ఇసుక దిబ్బలు మీరెరిగినవే. ఆ ఊళ్లలో రెండు రాత్రులు ఉండి ప్రార్థన చేసి రావాలని బొలెరో పికప్ వెనుక పడకలు కట్టించాం. రేకు కప్పు వద్దన్నాం, మన ఎండకు అది పెనమే. కమ్ములు వంచి టార్పాలిన్ వేశాం.

200 లీటర్ల డ్రమ్ము నిండితే 200 కిలోలు. తోక వైపు పెడితే ముందు చక్రాలు తేలిపోతాయి, ఇసుకలో స్టీరింగు మాట వినదు. అందుకే క్యాబిన్‌కు ఆనించి బిగించాం. దాంతో మూడో పడక పోయింది. ఆ ఒక్కరు ఎవరింటి అరుగు మీదైనా పడుకుంటారు గానీ, కరువు ఊళ్లో వాళ్ల బిందె నీళ్లు అడగడానికి మాకు మనసొప్పలేదు. గెరారు లోయలో గుడారం వేసిన ఇస్సాకు కూడా ముందు తండ్రినాటి బావులే తవ్వించాడు.

శుక్రవారం బయలుదేరుతున్నాం. మీ ఇంట్లో మూత గట్టిగా పట్టే క్యాను ఉంటే ఇచ్చి పంపండి.